నడిస్తే నొప్పి, నిలబడితే నెమ్మది

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వెళ్ళే పెద్దరోడ్డు నడిమధ్యన మెట్రో రైలు స్తంభాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క నంబరు. 2018 సెప్టెంబరులో ఆ దారిన రైలు నడవడం మొదలైనప్పటి నుండి మా ప్రాంతం వారు ఇంటి గుర్తు చెప్పాలన్నా, దుకాణం గుర్తు చెప్పాలన్నా స్తంభం నంబరే చెబుతున్నారు. మా సంఘంలోని ఒక సహోదరుడు ఆ స్తంభాలను మరొక పనికి వాడుకొన్నాడు. తన కాలు ఎంత దూరం నడుస్తుందో వాటితో కొలుచుకొన్నాడు.

ప్రియ పాఠకులారా, ఆయన పేరు ఇక్కడ వ్రాయడం లేదు. ఆయన అనుమతితో సంగతి మాత్రం చెబుతున్నాము. ఇది అరుదైన వ్యాధి కథ. మీ ఊరిలో ఒక్కరికి కూడా ఈ వ్యాధి లేకపోవచ్చు. అయినా ఈ కథలో మన కుటుంబాలన్నిటికీ పనికివచ్చే మాట ఒకటి ఉన్నది. మేము చేసిన ఒక తప్పు కూడా ఉన్నది.

తాగి తూలుతున్నాడన్నారు

ఆ సహోదరుడు నల్గొండ వైపు పల్లె నుండి భార్యాబిడ్డలతో వచ్చి, ఎల్.బి.నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకొన్నాడు. వయస్సు 44. చాలా ఏళ్ళు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో హమాలీగా బత్తాయి బస్తాలు, మామిడి పెట్టెలు మోశాడు. 2021లో ఆ మార్కెట్టును విజయవాడ దారిలోని బాటసింగారానికి తరలించడం మొదలైన తరువాత, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణంలో సామాను ఎత్తి దించే పనికి కుదిరాడు. బస్సు చార్జీ మిగులుతుందని రోజూ నడిచే వెళ్ళేవాడు.

కొంతకాలానికి ఆయన ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా రావడం మొదలైంది. మొదటి కీర్తన అయిపోయాక వచ్చి వెనుక చాప మీద కూర్చొనేవాడు. దుకాణంలోనూ ఆలస్యమే. దారిలో షట్టరుకు ఆనుకొని నిలబడి ఉండగా మన సంఘస్తులు ఇద్దరు ముగ్గురు చూశారు. కొంచెం నడవడం, ఆగడం, గోడ పట్టుకోవడం, మళ్ళీ కుంటుతూ కదలడం. పూర్వం ఆయనకు త్రాగుడు అలవాటు ఉండేది. ఇంకేమున్నది, పాత అలవాటు మళ్ళీ తగులుకొన్నదని మాట పుట్టింది. పెద్దలు మా వద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరు వెళ్ళి బుద్ధి చెప్పండి" అన్నారు. మేము కూడా నిజమేనేమో అనుకొన్నాము. బుద్ధి చెప్పడానికే వెళ్ళాము.

మేము మాట ఎత్తగానే ఆయన తల వంచుకొన్నాడు. భార్య ఊరుకోలేదు. "తాగుడు మానేసి పదకొండేండ్లాయె అయ్యగారూ. మీకు తెల్వదా? కాలు నడవనిస్త లేదు. నొప్పి అని దుకాణంల చెప్తే పని తీసేస్తరని ఎవలకూ చెప్తలేడు" అని కండ్లనీళ్ళు పెట్టుకొన్నది.

అప్పుడాయన నెమ్మదిగా చెప్పాడు. "ఆరు స్తంభాలు మంచిగనే నడుస్తనయ్యగారూ. ఏడోది రాకముందే పిక్కను ఎవలో పట్టుకొని పిండినట్టయితది. అడుగు పడదు. రెండు నిమిషాలు నిలబడితే పోతది. మళ్ళ ఆరు స్తంభాలు. మొదట్ల పన్నెండు నడిచేటోన్ని."

మేము బుద్ధి చెప్పకుండానే తిరిగి వచ్చాము. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

గుర్రం నేర్పిన పాఠం

నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే వదలడం, మళ్ళీ అంతే దూరం నడవగానే పట్టేయడం. ఈ మూడూ కలిస్తే వైద్యులు దానికి 'ఇంటర్మిటెంట్ క్లాడికేషన్' అని పేరు పెట్టారు. ఆగి ఆగి వచ్చే కుంటు అని అర్థం. దీనిని మొదట గుర్తించినది మనిషిలో కాదు, గుర్రంలో. 1831లో ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు బూలే, బండి లాగే ఒక గుర్రం కొంతదూరం పోయి కుంటడం, ఆపితే బాగుపడడం చూసి, దాని కాళ్ళకు రక్తం తీసుకుపోయే ధమని మూసుకుపోయినదని కనుగొన్నాడు. 1858లో షార్కో అనే వైద్యుడు మనుష్యులలోనూ ఇదే జరుగుతుందని తెలిపాడు.

కారణం తేలికైనదే. కూర్చున్నప్పుడు పిక్క కండరానికి కొద్ది రక్తం చాలు. నడిచేటప్పుడు చాలా ఎక్కువ కావాలి. మన పొలంలో పైపు నలిగిపోతే ఒక మడికి నీరు సరిపోతుంది గాని నాలుగు మళ్ళకు సరిపోదు గదా. అలాగే దారి ఇరుకైన ధమని, విశ్రాంతిగా ఉన్న కాలిని పోషించగలదు గాని నడిచే కాలిని పోషించలేదు. కండరం రక్తం కోసం పెట్టే కేకే ఆ నొప్పి. ఆగితే అవసరం తగ్గుతుంది, కేక ఆగుతుంది. అందుకే ఇంట్లోవారికి అది నటనగా కనబడుతుంది. "ఇప్పుడే కుంటితివి, ఇప్పుడే బాగైతివి" అంటారు.

వేళ్ళతో పట్టిన రోగం

ఆ సహోదరుడు అప్పటికే రెండు చోట్ల చూపించుకొన్నాడు. ఒకచోట నరాల బలహీనత అని సూదిమందు ఇచ్చారు. మరొకచోట మోకాళ్ళ అరుగుదల అన్నారు. వారిని తప్పుపట్టము. నొప్పి కాలిలో ఉన్నదంటే కీళ్ళు, నడుము, నరాలు అని తలచడం సహజం. పైగా నిలబడి ఉన్న మనిషికి పరీక్ష చేస్తే ఏ లోపమూ కనబడదు.

మూడవచోట ఒక యువ డాక్టరు గారు వేరే పని చేశారు. మేమూ ప్రక్కనే ఉన్నాము. చెప్పులు విప్పించి, రెండు పాదాలూ తాకి చూశారు. పాదం పైభాగాన, బొటనవ్రేలి ఎముక ప్రక్కన ఒక నాడి కొట్టుకొంటుంది. చీలమండ లోపలి ఎముక వెనుక మరొకటి. ఎడమ పాదంలో రెండూ చక్కగా అందాయి. కుడి పాదంలో బలహీనంగా ఉన్నాయి. "ఎంత దూరం నడుస్తావన్నా?" అని అడిగారు. "ఆరు స్తంభాలు సార్" అన్నాడు. డాక్టరు గారు నవ్వలేదు. వ్రాసుకొన్నారు.

తరువాత ప్రశ్నలు. బీడీ, చుట్ట, సిగరెట్ ఉన్నదా? లేదు. చక్కెర వ్యాధి? లేదు. రక్తపోటు? లేదు. నొప్పి క్రమంగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా? "ఒక దినం పని మీద పోతుంటే ఒక్కసారే పట్టుకున్నది" అన్నాడు. అప్పుడాయనను పడుకోబెట్టి, కుడి మోకాలు బాగా మడిచి, పాదం మీద మళ్ళీ వేళ్ళు పెట్టారు. ఆ కొద్దిపాటి నాడి కూడా అందకుండా పోయింది. కాలు చాపగానే తిరిగి వచ్చింది.

మాకు వెంటనే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. సంఘంలో మోకాళ్ళూని ప్రార్థన చేసి లేచేటప్పుడు ఆయన కుడిపాదం తెల్లబారి ఉండేది. తిమ్మిరి పట్టిందని దానిని రుద్దుకొనేవాడు. కూటం ముగియకముందే లేచి వెనుక నిలబడేవాడు. ఆసక్తి తగ్గిందని మేము అనుకొన్నాము.

ధమని గోడలో నీటితిత్తి

డాప్లర్ స్కాన్, ఆపైన ఎం.ఆర్.ఐ. తీశారు. రోగం పేరు 'సిస్టిక్ అడ్వెంటీషియల్ డిసీజ్'. పేరు చూసి బెదరనక్కరలేదు, సంగతి ఇది.

మన ధమని గోడ మూడు పొరలుగా ఉంటుంది. ఈ రోగంలో అన్నిటికంటె బయటి పొరలో ఒక తిత్తి ఏర్పడుతుంది. అందులో సగ్గుబియ్యం జావలాంటి చిక్కని జిగట ద్రవం నిండుతుంది. సైకిలు టైరుకు, ట్యూబుకు నడుమ ఏదో ఇరుక్కొని ట్యూబును లోపలికి నొక్కినట్లుగా, ఆ తిత్తి ధమనిని లోపలికి నొక్కుతుంది. రక్తం పోయే దారి సన్నబడుతుంది. కొందరిలో పూర్తిగా మూసుకుపోతుంది. ఒక ప్రక్కనుండి నొక్కితే ఆంజియోగ్రామ్‌లో ధమని వంపు కత్తిలా కనబడుతుంది. చుట్టూ నొక్కితే డమరుకం నడుములా కనబడుతుంది. మోకాలు మడిస్తే ఇరుకు మరింత పెరుగుతుంది. ఈ గుర్తును 1961లో జపాను వైద్యుడు ఇషికావా వివరించాడు గనుక దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇలాంటి తిత్తిని మొదట 1947లో లండనులో అట్కిన్స్, కీ అనే వైద్యులు కటి ప్రాంతపు ధమనిలో చూసి ప్రకటించారు. మోకాలి వెనుక ధమనిలో దీనిని 1954లో స్వీడను వైద్యులు ఎయ్‌రుప్, హియెర్టన్ వర్ణించారు. ఆ తరువాత ప్రపంచమంతటా కనబడినవాటిలో దాదాపు 85 శాతం మోకాలి వెనుకనే. అయినా మొత్తం మీద చాలా అరుదు. నడిస్తే పిక్క పట్టేసే రోగులు 1200 మంది ఉంటే, అందులో సుమారు ఒకరికి ఇది కారణమని వైద్యగ్రంథాలు చెబుతాయి. స్త్రీలకంటె పురుషులలో చాలా ఎక్కువ. అదీ నలభయ్యవ పడిలో, కుటుంబభారం మోసే వయస్సులో.

ఎందుకు వస్తుంది? వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. మోకాలు మాటిమాటికీ మడవడం వలన ధమని దెబ్బతింటుందని కొందరు అన్నారు. తల్లి గర్భంలో శిశువు అవయవాలు రూపొందే వేళ, కీలుకు చెందవలసిన కణాలు ప్రక్కనే ఉన్న ధమని గోడలో చిక్కుకొని, పెద్దయ్యాక ద్రవం ఊరిస్తాయని మరికొందరు అంటారు. మోకాలి కీలులోని ద్రవమే ఒక సన్నని కొమ్మ వెంట ప్రాకి ధమని గోడలోకి చేరుతుందని ఇంకొక వాదం. కొందరు రోగులలో తిత్తికి, కీలుకు మధ్య అటువంటి దారి నిజంగా కనబడింది. త్రాగుడు వలన గాని, ఎవరి పాపం వలన గాని, ఎవరో చేసిన చేతబడి వలన గాని రాదు. మా సహోదరుని ఇంటికి ఆ మాట చెప్పిన బంధువులూ వచ్చారు గనుక ఇది వ్రాయవలసి వచ్చింది.

కాలి నొప్పులన్నీ ఒకటి కావు

పిక్క నొప్పి ఉన్న ప్రతివారూ ఈ వ్యాధి అని భయపడకూడదు. మన పల్లెలలో ఎక్కువగా కనబడేవి వేరు.

వయస్సు మళ్ళినవారిలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో, ధమని లోపల కొవ్వు పేరుకొని దారి మూసుకుపోతుంది. అది లోపలి పూడిక. మనం చెప్పుకొంటున్న తిత్తి బయటి ఒత్తిడి.

బీడీ, చుట్ట త్రాగే యువకులలో బర్జర్ వ్యాధి వస్తుంది. 1908లో లియో బర్జర్ దీనిని వివరించాడు. కాలి వ్రేళ్ళు నల్లబడి, పుండ్లు పడి, చివరకు తీసివేయవలసి రావచ్చు. దీనికి మొదటి మందు పొగాకు పూర్తిగా మానడమే. ఒక్క బీడీ కూడా మిగల్చకూడదు.

క్రీడాకారులలో, కష్టపడి పనిచేసే యువకులలో, పిక్క కండరమే ధమనిని నొక్కడం కూడా ఉన్నది. 1879లో ఎడిన్‌బరోలో వైద్యవిద్యార్థిగా ఉన్న ఆండర్సన్ స్టువార్ట్, ఆపరేషను చేసి తీసివేసిన ఒక కాలును పరీక్షిస్తూ దీనిని కనిపెట్టాడు.

నడుములో నరం ఒత్తిడి వలన కూడా నడిస్తే కాళ్ళు లాగుతాయి. తేడా ఏమనగా, నరం నొప్పి ఊరకే నిలబడితే పోదు. కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. రక్తం చాలక వచ్చే నొప్పి నిలబడితే చాలు, కొద్ది నిమిషాలలో పోతుంది. ఈ ఒక్క తేడా డాక్టరుకు చెప్పగలిగితే సగం రోగనిర్ణయం అయినట్లే.

చికిత్స ఉన్నది

మా సహోదరునికి తిత్తి ధమనిని సన్నని దారమంత చేసింది గాని పూర్తిగా మూయలేదు. "సూదితో ఆ ద్రవం లాగేస్తే పోదా సార్?" అని మేమే అడిగాము. లాగవచ్చు. కాని ద్రవం చిక్కన గనుక అంతా రాదు, తిత్తి గోడ మిగిలిపోతుంది గనుక చాలామందిలో మళ్ళీ నిండుతుంది. బెలూను వేసి ధమనిని వెడల్పు చేయడం, స్టెంటు పెట్టడం కూడా దీనిలో అంతగా నిలవవు. గుండె ధమనిలో పూడిక లోపల ఉంటుంది. ఇక్కడ ఒత్తిడి బయట ఉన్నది. బెలూను తీయగానే తిత్తి మళ్ళీ నొక్కుతుంది.

కాబట్టి శస్త్రచికిత్సే నమ్మదగిన మార్గం. రోగిని బోర్లా పడుకోబెట్టి, మోకాలి వెనుక కోసి, ధమనిని కనుగొని, తిత్తిని తెరచి, దాని గోడను తీసివేస్తారు. కీలు నుండి వచ్చే సన్నని దారి ఉంటే దానిని కట్టివేస్తారు. దానిని వదిలేస్తే రోగం తిరిగి రావచ్చు. ధమని అప్పటికే మూసుకుపోయి ఉంటే ఆ ముక్కను తీసివేసి, రోగి కాలి నుండే ఒక సిరను తీసి అతుకుతారు. సిరలో రక్తం వెనుకకు జారకుండా కవాటాలు ఉంటాయి గనుక దానిని తల్లక్రిందులుగా త్రిప్పి కుడతారు. మా సహోదరునికి అంతవరకు పోలేదు. తిత్తి తీయడంతో సరిపోయింది. త్వరగా రావడం వలన కలిగిన మేలు ఇదే.

ఇటువంటి శస్త్రచికిత్స రక్తనాళాల సర్జన్లు చేస్తారు. 'వాస్కులర్ సర్జన్' అని అడగాలి. హైదరాబాదులో పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉన్నది. నల్గొండ, సూర్యాపేట వైపు నుండి బస్సులో వచ్చేవారు ఎల్.బి.నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే, మధ్యలో రైలు మారే పని లేకుండా పంజగుట్టలో దిగవచ్చు. నడవలేని కాలితో వచ్చేవారికి ఇది చిన్న సహాయం కాదు. ఖర్చు విషయమై, మీ చికిత్స ఆరోగ్యశ్రీ క్రింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలిసికొనండి. రేషను కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్ళండి.

ఇంట్లో గమనించవలసినవి

నడకలో నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఒక గుర్తు పెట్టుకొనండి. ఊరిలో స్తంభాలు లేకపోతే కరెంటు స్తంభాలు, చెట్లు, గట్లు లెక్కపెట్టండి. ఆ దూరం వారం వారం తగ్గుతూ ఉంటే ఆలస్యం చేయవద్దు.

డాక్టరు వద్ద, "నా పాదం నాడి చూడండి" అని ధైర్యంగా అడగండి. చేతిలోని రక్తపోటును చీలమండ రక్తపోటుతో పోల్చే పరీక్ష కూడా ఉన్నది. చీలమండది, చేతి లెక్కలో 0.9 భాగం కంటె తక్కువైతే దారి ఇరుకైనదని గుర్తు. విశ్రాంతిలో సరిగా ఉన్నా నడిపించి చూస్తే తేలవచ్చు.

రక్తం చాలని కాలికి వేడి ఇటుక కాపడం పెట్టకండి, మరుగు నీరు పోయకండి. స్పర్శ తగ్గిన చర్మం తెలియకుండానే కాలుతుంది. ఆ పుండు మానదు. గట్టిగా నూనెతో మర్దన చేసినంత మాత్రాన ధమని తెరుచుకోదు.

కూర్చొని ఉండగానే కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పితో, వ్రేళ్ళు కదలకపోతే అది అత్యవసరం. తెల్లవారనివ్వకూడదు. ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టం కావచ్చు.

చివరి మాట

ప్రార్థన చేయండి, ఆసుపత్రికీ వెళ్ళండి. ఈ రెండింటికీ పోట్లాట పెట్టవద్దు. లూకా వైద్యుడన్న సంగతి మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆపరేషను అయిన తరువాత ఆయన కొన్ని వారాలు ఇంట్లోనే ఉన్నాడు. దుకాణంవారు ఆ పనిలో వేరొకరిని పెట్టుకొన్నారు. సంఘస్తులు బియ్యం, అద్దె చూసుకొన్నారు. ఇప్పుడాయన ఒక అపార్టుమెంటు వద్ద కాపలా పని చేస్తున్నాడు. మళ్ళీ తిత్తి ఏర్పడుతున్నదేమో చూడడానికి అప్పుడప్పుడు స్కాను తీయించుకొంటున్నాడు. ఇంతవరకు బాగున్నది.

ఆయన మొదటిసారి ఆరాధనకు తిరిగి వచ్చిన ఆదివారం, మేము సంఘమెదుట నిలబడి ఆయనను క్షమాపణ అడిగాము. వినకుండానే తీర్పు తీర్చాము గనుక అడగవలసినదే. ఆయన ఆ మాట దాటవేసి, "చైతన్యపురి నుంచి ఎల్.బి.నగర్ దాంక ఆగకుండ నడిచిన అయ్యగారూ" అన్నాడు.

"ఎన్ని స్తంభాలు?" అని అడిగాము.

"లెక్కపెట్టలేదు" అన్నాడు.

మీ సంఘంలోనూ ఆలస్యంగా వచ్చి వెనుక కూర్చొనేవారు ఎవరైనా ఉండవచ్చు. బుద్ధి చెప్పేముందు, ఎంత దూరం నడవగలుగుతున్నావని ఒక్కసారి అడగండి.